ఆరో కుక్కపిల్ల

పాండీబజారు వెనక మేడమీది హాల్లో
నాంచారయ్యగారి సంతాపసభ.
ముగ్గురు వక్తలు ఒకే కుక్క గురించి చెప్పారు.

రాయపేట గడియారం దగ్గర
వాననీళ్లు మోకాళ్లకొచ్చిన రాత్రి,
ఒక తల్లికుక్క
పిల్లల్ని ఒక్కొక్కదాన్నే మెడ కరిచి పట్టుకుని
మందులషాపు మెట్లమీదికి చేర్చి,
ఐదూ చేరాక కూడా
మళ్లీ ఒకసారి నీళ్లలోకి దిగి
ఖాళీ గోనెసంచిని వాసన చూసి వచ్చిందట.
"తల్లికి లెక్క తప్పదు"
అన్నది ఆ అధ్యాయానికి ఆఖరి వాక్యం.
పదకొండు ముద్రణలు.
కొడంబాకంలో ఒకాయన ఆటో వెనకాల రాయించుకున్నాడు.

టైపు కొట్టింది నేను.
పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానా క్వార్టర్సు నుంచి మైలాపూరుకి
ఇరవై ఆరేళ్లు, ఇరవై తొమ్మిది సి బస్సులో.
కోడి కెలికినట్టుండే ఆ రాత
ఆయనకన్నా నాకే బాగా తెలిసేది.

ఏమేం కొట్టానో!
ఆఫీసులో కొత్త కుర్చీ వచ్చిన గుమాస్తా నడక,
మందలో పెత్తనం దొరికిన కోతి తోక,
రెండూ ఒకే పేరాలో.
మాంబళం స్టేషను కాకులు
టికెట్ లేనివాణ్ణి ఎలా పోల్చుకుంటాయో.
పావురాల కాపురం చదివి
తెనాలి నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది,
మొగుణ్ణి మళ్లీ ఇంట్లోకి రానిచ్చానని.
ఆర్నెల్ల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది.
దాన్ని సారుకి చూపించలేదు.

సభలో బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడొకడు,
జంతువుల మీదే పరిశోధనట,
లేచి నిలబడి, నీళ్లు తాగి,
"వారు రాసినదాంట్లో సగం తప్పండీ" అన్నాడు.
కుర్చీలు కిర్రుమన్నాయి.
"పావురాలు అంత పతివ్రతలేం కాదు.
కానీ పద్నాలుగో ఏట ఆ పుస్తకం చదివి
మూడ్రోజులు చీమలపుట్ట ముందు కూచున్నాను.
ఇంకా లేవలేదు."
కార్యదర్శి మైకు లాక్కున్నాడు.
నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, ఒడిలో సంచి ఉంది.

సంచిలో పన్నెండో ముద్రణ ప్రూఫులు.
వాటి కింద, తూకానికి వెయ్యబోతుంటే నేను అడిగి తెచ్చుకున్న
ఆయన నోటుబుక్కు.

నోటుబుక్కులో పిల్లలు ఆరు.

ఆ రోజు అడిగాను, "సార్, ఐదా, ఆరా?"
డబరాలో కాఫీ మీగడ కట్టేదాకా మాట్లాడలేదు.
"ఐదు కొట్టు ఎస్తేరూ.
ఆరోదాన్ని చదివేవాళ్లు మొయ్యలేరు."
కొట్టాను. జీతం ఆయనది.
అది గోనెసంచి దగ్గరికి వెళ్లింది
లెక్క సరిచూసుకోవడానికి కాదని
మా ఇద్దరికే తెలుసు.

మా అమ్మని ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే
"నలుగురు" అనేది,
అని, పైట సర్దుకునేది.
జారని పైట.
గుమాస్తాల నడకలు, పెళ్లివాళ్ల నవ్వులు,
క్యూలో మోచేతులు అన్నీ పట్టుకున్న మనిషికి
ఆ సర్దుకోవడం ఒక్కటీ దొరకలేదు.
చూడ్డం నేర్పింది ఆయనే.
నేనే చెప్పలేదు.

బస్టాపులో జనం.
వీధిదీపం కింద ప్రూఫు తీశాను.
"తల్లికి లెక్క తప్పదు" జోలికి పోలేదు.
దాని పైన,
"ఐదూ చేరాక" దగ్గర,
ముందు "ఆరింటిలో" అని చేర్చాను.
ఒక్క మాట.
కింది వాక్యం అదే,
కానీ ఇప్పుడు చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది.

"ఉళ్ళే పోంగమ్మా" అన్నాడు కండక్టరు.
లోపలికి జరిగాను.
పెన్సిలు రాత ప్రెస్సువాళ్లు చూసుకోరేమోనని
ఇంటికెళ్లి, చెప్పులైనా విప్పకుండా,
ఎర్రసిరాతో దిద్దాను.